గూడ్సు బండి లెక్కలు, 4వ భాగం: బ్రేకు వేసిన తొలి సెకన్లు

పోయిన భాగంలో బండి మొత్తాన్ని ఒకే ముద్దగా తీసుకుని ఎంత దూరంలో ఆగుతుందో లెక్కగట్టాం. ఆ పనికి ఆ మోడల్ చాలు. వ్యాగన్లను ఒకదానితో ఒకటి కలిపే కప్లర్ మీద ఎంత బలం పడుతుందని అడిగితే మాత్రం చేతులెత్తేస్తుంది. ముద్దకు కప్లర్లే లేవు కదా!

ఈసారి బొగ్గులాంటి సరుకు మోసే, పైకప్పు లేని 58 బాక్స్‌ఎన్ వ్యాగన్ల రేకు (ఒకే బండిగా కలిపిన వ్యాగన్ల వరుస) తీసుకుందాం. ఒక్కోటి దాదాపు 10.7 మీటర్లు, అన్నీ కలిపి 620 మీటర్లు. బ్రేకు పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనంతో గాలి ఉంటుంది, అది తగ్గితేనే బ్రేకు పడుతుంది. లోకో పైలట్ ఆ గాలి వదిలితే, పీడనం తగ్గిందన్న కబురు ఒక్కో వ్యాగనూ దాటుకుంటూ వెనక్కి పోవాలి. ధ్వనిని మించిన వేగం దానికి రాదు. సెకనుకు 250 మీటర్లు అనుకుంటే చివరి వ్యాగన్‌కు అందేసరికి 2.5 సెకన్లు.

ముందు నాలుగు వ్యాగన్లతో చూద్దాం. ఇంజన్‌నూ, కప్లర్లలోని వదులునూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఒక వ్యాగన్ బ్రేకు బలం ‘బ’. ముందున్న రెండింటికే బ్రేకు పడింది: మొత్తం 2బ. నాలుగూ కలిసే వేగం తగ్గాలి కాబట్టి ఒక్కోదాని వాటా బ/2. వెనక రెండింటికీ కలిపి ‘బ’ కావాలి, వాటికి సొంత బ్రేకు ఇంకా పడలేదు. అదంతా రెండో, మూడో వ్యాగన్ల మధ్య కప్లరే మోయాలి. ఇదే పద్ధతిలో ‘వ’ వ్యాగన్లకు చేస్తే, సగం బండికి బ్రేకు పడిన క్షణాన నడిమి కప్లర్ మీద నొక్కుడు వ×బ/4 వస్తుంది. బ = 50 కిలోన్యూటన్లు అనుకుంటే 58 వ్యాగన్లకు 725. కంగారు పెట్టే అంకే!

అయితే బ్రేకు ఒక్కసారిగా పూర్తిగా పడిపోతుందనుకున్నాం. నిజానికి మన గూడ్సు వ్యాగన్ల బ్రేకును నొక్కే సిలిండర్‌లో గాలి నిండటానికి 18 నుంచి 30 సెకన్లు పడుతుంది. కావాలనే అలా పెట్టారు. 20 సెకన్లలో సమానంగా పెరుగుతుందనుకోండి. మొదటి వ్యాగన్ చివరిదానికన్నా 2.5 సెకన్లు ముందుంటుంది, అంటే బలంలో బ/8 తేడా. సగటు కన్నా మొదటిదానికి బ/16 ఎక్కువ, నడిమిదానికి సున్నా. ముందు సగంలోని 29 వ్యాగన్లకు సగటున బ/32 మిగులు. ఆ మిగులంతా నడిమి కప్లర్ మీదే పడుతుంది: 29×50/32, అంటే 45 కిలోన్యూటన్లు. 725 ఎక్కడ, 45 ఎక్కడ! నిమ్మళంగా పట్టే బ్రేకును చేతకాని బ్రేకు అనుకునేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

ఇప్పుడు పొడవు పెంచండి. 2021 అక్టోబరులో కొండపల్లి నుంచి ఒడిశాలోని ఖుర్దా వైపు మూడు రేకులు కలిపి 177 వ్యాగన్ల ‘త్రిశూల్’ నడిపారు. అంత పొడవున్న బండికి గాలి ముందు నుంచే వదిలితే వ్యాగన్లూ మూడింతలు, ఆలస్యమూ మూడింతలు. బలం తొమ్మిదింతలు దాటుతుంది. మధ్యలో ఇంజన్ ఉండి అక్కడినుంచీ గాలి వదిలితే కబురు వెళ్లాల్సిన దూరం తగ్గుతుంది.

అభ్యాసం: ఖాళీ వ్యాగన్లకు ‘బ’ను 25కు తగ్గించి, 18, 30 సెకన్లకు విడివిడిగా నడిమి కప్లర్ బలం కట్టండి. వ్యాగన్ బరువు లెక్కలో ఎక్కడ ఎగిరిపోయిందో కూడా చూడండి. వచ్చే భాగంలో కప్లర్లలోని వదులును లెక్కలోకి తెద్దాం, అప్పుడు ఈ 45 పెరుగుతుంది.