పాత మోటార్‌హోమ్‌కి కొత్త సీల్ (3వ పాఠం): పైకప్పు వెంట్

పోయిన పాఠంలో మోటార్‌హోమ్ (లోపలే కాపురం ఉండగల బండి) లీకు జాడ పట్టుకున్నాం, తడిసిన చెక్కని ఆరబెట్టాం. ఇవాళ పైకప్పు వెంట్, అంటే గాలి ఆడటానికి పైకప్పులో పెట్టే మూత ఉన్న కన్నం, దాని చుట్టూ సీల్ మారుద్దాం. వేలితో నొక్కితే చెక్క ఇంకా మెత్తగా దిగుతుంటే ఇవాళ పని మొదలుపెట్టొద్దు. లోపల తడి ఉండగా పైన మూసేస్తే కుళ్లు ఇంకా పెరుగుతుంది.

పగులు కనబడగానే ఒక ట్యూబు సిలికాన్ తెచ్చి పాత సీలెంట్ (సందులు మూసే జిగురు పేస్టు) మీదే పూసేయడం చాలామంది చేసే పని. నేనూ చేశాను. కొన్నాళ్లకే అంచులు లేచాయి, నీళ్లు ఆ పొర కిందికి చేరాయి, పైపైన చూస్తే మాత్రం అంతా బాగానే ఉంది. ఒకసారి సిలికాన్ పడిన చోట తర్వాత ఏదీ సరిగా అతుక్కోదు, కొత్త సిలికాన్‌తో సహా. అందుకే పైకప్పు మీద సిలికాన్ వద్దంటాను.

అసలు నీళ్లని ఆపేది బయట కనిపించే పూత కాదండీ, వెంట్ అంచు కింద నలిగి పరుచుకునే బ్యూటైల్ టేపు (మెత్తటి జిగట రబ్బరు టేపు). అది ఎండిపోయి కుంచించుకుపోతే పైన ఎంత పూసినా తాత్కాలికమే. కాబట్టి వెంట్ మొత్తం విప్పాల్సిందే.

హీట్ గన్ తక్కువ వేడి మీద పెట్టి, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో పాత సీలెంట్‌ని కొద్దికొద్దిగా లేపండి. ఇనుప బ్లేడు వాడితే రబ్బరు పైకప్పు చిరుగుతుంది. రోజంతా పట్టినా తొందరపడకండి, మొత్తం రిపేరు నిలబడేది ఇక్కడే. మీ పైకప్పు ఈపీడీఎమ్ (ఒక రకం సింథటిక్ రబ్బరు) అయితే పెట్రోలు, కిరోసిన్ లాంటివి తగలనివ్వొద్దు, ఉబ్బిపోతుంది. సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు.

ఇక బిగించడం. అంచు అడుగున చుట్టూ ఖాళీ లేకుండా బ్యూటైల్ టేపు అంటించి, తుప్పు పట్టిన స్క్రూలు పారేసి స్టెయిన్‌లెస్‌వి తీసుకోండి. ఎదురెదురు మూలల స్క్రూలు కొంచెం కొంచెంగా బిగిస్తూ పోతే టేపు అన్ని వైపులా సమానంగా బయటికి ఉబుకుతుంది. ఎక్కడైనా ఉబకలేదంటే అక్కడ సందు ఉన్నట్టే, విప్పి ఇంకో ముక్క పెట్టండి. బ్యూటైల్ మెల్లగా సర్దుకుంటుంది కాబట్టి మర్నాడు స్క్రూలు మళ్లీ చేత్తోనే బిగించి, బయటికొచ్చిన టేపుని ప్లాస్టిక్ స్క్రేపర్‌తో కోసేయండి.

అప్పుడు అంచు మీద, ప్రతి స్క్రూ తల మీద మీ పైకప్పు రకానికి సరిపడే సెల్ఫ్ లెవెలింగ్ సీలెంట్ వేయండి, దానంతట అదే పరుచుకుంటుంది. నిలువు గోడలకి ఇది పనికిరాదు, కిందికి జారిపోతుంది, వాటికి జారని రకం వేరే ఉంది. వాన సూచన ఉన్న రోజు మాత్రం పని పెట్టుకోకండి.

వచ్చే పాఠం కిటికీలు. ఈలోపు కిటికీ ఫ్రేము అడుగున ఉండే చిన్న రంధ్రాలు ఎక్కడున్నాయో చూసి పెట్టుకోండి. అవి నీళ్లు బయటికి పోవడానికి పెట్టినవి, పొరపాటున కూడా సీలెంట్‌తో మూయొద్దు.