డైట్‌, వ్యాయామం రోజువారీ జీవితంలో ఇమడాలంటే ఏం చేయాలి?

ప్లాన్లకు కొరత లేదు. ఫోన్ తెరిస్తే వందలు కనిపిస్తాయి. అన్నీ ఒకే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినట్టుంటాయి: ఎనిమిది గంటలు నిద్రపోయేవాడు, ఆఫీసు నుంచి టైముకి బయటపడేవాడు, ఇంట్లో ఎవరికీ జ్వరం రానివాడు. మనం అలాంటివాళ్లం కాదు కాబట్టి సోమవారం మొదలుపెట్టి గురువారానికి వదిలేస్తాం. పైగా పట్టుదల లేదని మనల్నే తిట్టుకుంటాం. ప్లాన్‌కు మన రోజులో చోటుందా అని మాత్రం ఎవరూ ముందు చూసుకోరు. నేను చెప్పే పద్ధతి అక్కడ మొదలవుతుంది.

కావలసినవి

పాదాలకు సరిపోయే బూట్లు, చిన్న నోటుపుస్తకం, పెన్ను, నడుం కొలిచే టేపు. బరువు చూసే మెషిన్ ఇంట్లో ఉంటే వాడండి, లేకపోతే కొనక్కర్లేదు. స్మార్ట్ వాచీ గురించి ఆరు నెలల తర్వాత ఆలోచించవచ్చు. నోటుపుస్తకం బదులు యాప్ వాడవచ్చా అంటే, వద్దు. నడక రాసుకుందామని ఫోన్ తీస్తారు, అరగంట తర్వాత ఎవరిదో పెళ్లి వీడియో చూస్తూ ఉంటారు.

గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. షుగర్‌కు ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు ఒకేసారి తిండి తగ్గించి నడక పెంచితే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది. మందుల మోతాదు గురించి మాట్లాడకుండా మొదలుపెట్టకండి.

1. వారం రోజులు ఏమీ మార్చకండి, రాయండి

ఎప్పుడు లేచారు, ఏం తిన్నారు, ఎంతసేపు కూర్చున్నారు, ఎప్పుడు పడుకున్నారు. ఒక్కోటి ఒక్క లైను చాలు. మంచి రోజులు మాత్రమే రాసి మోసం చేసుకోకండి. మనకు అసలు కావలసింది చెడ్డ రోజుల చిట్టానే.

2. ఎంత చేయాలో తెలుసుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలి. గట్టి వ్యాయామమైతే 75 నుంచి 150 నిమిషాలు చాలు. దీనికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. మధ్యస్థం అంటే చేస్తూ మాట్లాడగలరు కానీ పాట పాడలేరు. వేగంగా నడిస్తే ఆ స్థాయి వస్తుంది. కండరాలకు బస్కీలు, గోడకు చేతులు ఆనించి దండీలు చాలు, జిమ్‌లో చేరాల్సిన పని లేదు.

అంతకుముందు ఒక్కో విడత పది నిమిషాలకు తగ్గకూడదనే నియమం ఉండేది. 2020లో దాన్ని తీసేశారు. నాలుగు నిమిషాలు మెట్లెక్కినా లెక్కలోకి వస్తుంది. ఈ సంగతి తెలియక 'గంట దొరికితేనే వ్యాయామం' అని కూర్చునేవాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు. రోజుకు పది వేల అడుగులు వేయకపోతే లాభం లేదనేవాళ్లూ అంతే. ఆ అంకె ఏ వైద్య పరిశోధనలోంచీ పుట్టలేదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరాన్ని ఆ అంకె పేరు పెట్టి అమ్మారు, అప్పటి నుంచి అది నియమంలా చలామణీ అవుతోంది. అంతకంటే తక్కువ అడుగులకూ ఫలితం ఉంటుంది.

3. ముడి వేయండి

అందరూ పాడుచేసుకునేది ఇక్కడే. నిదానంగా చదవండి.

'రోజూ ఉదయం ఆరింటికి నడుస్తాను' అని రాసుకుంటారు. రాత్రి పడుకోవడం ఆలస్యమైతే ఆరు కాస్తా ఆరున్నర అవుతుంది. ఆరున్నరకు 'ఇవాళ్టికి టైం దాటిపోయిందిలే' అనిపిస్తుంది. అందుకని గడియారాన్ని వదిలేసి, మీరు ఎలాగూ చేసే ఒక పనికి వ్యాయామాన్ని ముడి వేయండి. పళ్లు తోముకోగానే, పిల్లల్ని బడి దగ్గర దింపగానే, ఆఫీసు లాప్‌టాప్ మూయగానే... ఇలా ఏదో ఒకటి. పుస్తకంలో వాక్యం ఈ అచ్చులోనే ఉండాలి: 'ఫలానా పని అవగానే, ఫలానా చోట, ఫలానాది చేస్తాను.' పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల్లో ఇలాంటి నిర్ణయాల మీద పరిశోధన చేశారు. ఊరికే 'చేయాలి' అనుకున్నవాళ్ల కంటే ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని ముందే తేల్చుకున్నవాళ్లు పని పూర్తిచేయడం ఎక్కువని ఆయన చూపించారు.

అయితే ఏ పనికి పడితే ఆ పనికి ముడి వేస్తే నిలవదు. ముందు మీ వారం చిట్టా తీయండి. మీరు ఎంచుకున్న పని ఏడు రోజులూ జరిగిందా? ఐదు రోజులే జరిగితే అది ఐదు రోజుల ముడి, సెలవు రోజులకు ఇంకోటి విడిగా రాయాలి. శని, ఆదివారాలు ఎలాగోలా సర్దుకుందాం అనుకున్నవాళ్లకు సోమవారం కూడా పోతుంది.

ఆ పని అయిపోయిన క్షణం స్పష్టంగా తెలియాలి. 'భోజనం తర్వాత' అని రాస్తారు. భోజనం తర్వాత అంటే ఎప్పుడు? చేయి కడుక్కున్నాకా, కబుర్లు అయ్యాకా, కాస్త నడుం వాల్చాకా? 'తిన్న కంచం సింకులో పెట్టగానే' అని రాయండి. ఎప్పుడు కదలాలో కంచానికి తెలుసు, మీకు ఆలోచించే అవకాశం ఉండదు.

ఇంకొకరి రాకకు ముడి వేయకండి. 'పక్కింటాయన వచ్చి పిలవగానే' అన్నది వినడానికి బాగుంటుంది, ఆయన ఊరెళ్లేదాకా నడుస్తుంది కూడా. తోడు ఉంటే మంచిదే, తోడు లేకపోయినా కదిలేలా ముడి ఉండాలి. నడిచే ముఠాల్లో చాలామంది మానేసేది ఒక్కరు మానేసినప్పుడే.

అన్నిటికంటే ఎక్కువగా తెగే ముడి 'ఇంటికి రాగానే'. బ్యాగు పెడతారు, కూర్చుంటారు, అయిపోయింది. కూర్చున్న మనిషిని లేపడం ఎవరి తరమూ కాదు. ముడిని ఇంటి గుమ్మానికి ఇవతలే వేయాలి. ఒక స్టాపు ముందు దిగి నడవండి. బండి మీద వచ్చేవాళ్లు బండి ఆపగానే, ఇంటి తాళం తీయకముందే, వీధి చివరిదాకా వెళ్లి రండి. ఆఫీసు బట్టల్లోనే నడవండి, నడకకు ప్రత్యేకం బట్టలు అక్కర్లేదు.

వీలైతే ఉదయం ముడే వేయండి. సాయంత్రానికి వేసిన ముడి మీద ఆఫీసు, పిల్లలు, ట్రాఫిక్, చుట్టాలు అందరూ పడతారు. సాయంత్రమే బాగుంటుందని వాదించేవాళ్లు చాలామందే ఉన్నారు. వాదన బాగానే చేస్తారు, నడకే సాగదు. రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు నిద్ర లేచిన వేళే ఉదయం.

ఇక మోతాదు. ఒక్కో ముడికి రెండు మోతాదులు రాయాలి, మంచి రోజుకొకటి, చెడ్డ రోజుకొకటి. మంచి రోజుది ముప్పై నిమిషాల నడక అనుకుంటే చెడ్డ రోజుది ఐదు నిమిషాలు. అది పక్కవాళ్లకు చెప్పుకోవడానికి సిగ్గుపడేంత చిన్నగా ఉండాలి. తలనొప్పితో, నిద్ర చాలక, ఆఫీసు టెన్షన్‌తో ఉన్న రోజున కూడా చేయగలిగితే అదే సరైన మోతాదు. దీన్ని ఇప్పుడే, ఓపిక ఉన్నప్పుడే రాసిపెట్టుకోండి. ఆ రోజు వచ్చాక నిర్ణయిద్దామంటే నిర్ణయం ఎప్పుడూ సున్నానే అవుతుంది.

మొదటి రెండు వారాలు ఉత్సాహం వచ్చినా మంచి రోజు మోతాదు దాటకండి. ఈ మాట ఎవరూ వినరు. మూడో రోజే గంట నడిచి, యాభై బస్కీలు తీస్తారు. కొత్త వ్యాయామం చేసిన ఒకటి నుంచి మూడు రోజుల లోపు కండరాల నొప్పి బాగా ముదురుతుంది. ఆ నొప్పితో మంచం దిగడమే కష్టమైనప్పుడు ముడి గురించి ఎవరికి గుర్తుంటుంది?

చివరిగా, ఒకసారికి ఒక్కటే ముడి. నడక, బస్కీలు, తిండి, నీళ్లు, నిద్ర అన్నీ ఒకే సోమవారం మొదలుపెట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. మొదటిది పుస్తకం చూడకుండా జరుగుతున్నదాకా రెండోదాని జోలికి పోకండి.

4. తిండిలో రెండే మార్పులు

నడక కుదురుకున్నాక తిండి. కేలరీలు లెక్కపెట్టకండి, అది అకౌంటెంట్ల పని. కంచంలో సగం కూరగాయలతో నింపి, మిగతా సగంలో పిండి పదార్థం, ప్రోటీన్ సర్దండి. కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కంచం సగం నిండితే ఆ లెక్క దాదాపు తేలిపోతుంది.

రెండోది, తాగే చక్కెర మానేయండి. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి, విడిగా కలిపే చక్కెర, తేనె, పండ్ల రసాల్లో ఉండేది అంతా కలిపి 50 గ్రాములు దాటకూడదు. ఒక్క డబ్బాతో మూడింట రెండు వంతులు అయిపోయిందన్నమాట, కడుపు మాత్రం నిండలేదు.

మొదటి వారంలో రెండు కిలోలు తగ్గామని సంబరపడకండి. అందులో ఎక్కువ భాగం నీరే. శరీరం దాచుకునే పిండి పదార్థాన్ని గ్లైకోజెన్ అంటారు. దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది, తిండి తగ్గగానే ముందు పోయేది అదే. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7700 కేలరీల లోటు కావాలి. రెండో వారంలో ముల్లు కదలకపోతే డైట్ పనిచేయలేదని వదిలేసేవాళ్లకు ఈ లెక్క ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది.

5. తప్పిన రోజు

తప్పుతుంది. మర్నాడు మామూలు మోతాదే చేయండి, రెట్టింపు చేయకండి. రాత్రి విందులో ఎక్కువ తిన్నారని మర్నాడు ఉపవాసం పెట్టుకోకండి, ఆ సాయంత్రానికి ఇంకా ఎక్కువ తింటారు. వరసగా రెండు రోజులు తప్పితే చెడ్డ రోజు మోతాదును ఇంకా తగ్గించాలని అర్థం.

ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందనే ప్రచారం కూడా పట్టించుకోకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని దానంతటది జరిగే స్థితికి రావడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. ఒక్కొక్కరికి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండవచ్చని అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు కూడా.

6. కొలత, పెంపు

బరువు వారానికి ఒకసారి, ఒకే రోజు, నిద్ర లేవగానే, ఏమీ తినకముందు. రోజూ చూస్తే ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ ఊగుతూ మనసు పాడుచేస్తుంది. నడుం నెలకోసారి కొలవండి.

నెల రోజుల్లో చెడ్డ రోజు మోతాదు వారానికి ఒకటి రెండుసార్లకు మించి వాడాల్సిన అవసరం రాకపోతే, మంచి రోజుకు ఐదు నిమిషాలు కలపండి. చెడ్డ రోజుది పెంచకండి, అది ఎప్పటికీ చిన్నగానే ఉండాలి. జ్వరం వచ్చి వారం పోతే మళ్లీ సగం నుంచి మొదలుపెట్టండి. ఊరు మారినా, ఉద్యోగం మారినా, ఇంట్లో బిడ్డ పుట్టినా పాత ముడి పనిచేయదు. కొత్త పేజీ తీసి, మళ్లీ వారం చిట్టా రాసి, కొత్త ముడి వెతుక్కోవాలి.