హీటర్ కొనే ముందు ఒకసారి చదవండి: చలికాలంలో వెచ్చగా ఉండాలి, బిల్లు పేలకూడదు

మన దగ్గర చలికాలం అంటే కార్తీకంలో మొదలై శివరాత్రికి శివశివా అంటూ వెళ్ళిపోయేదే. అందులో నిజంగా వణికించేది డిసెంబరు, జనవరి నెలలు, అదీ రాత్రి 10 నుంచి పొద్దున 8 దాకా. మధ్యాహ్నం 12 అయ్యేసరికి మళ్ళీ ఫ్యాన్ వేసుకునే ఇళ్ళు బోలెడు. ఆదిలాబాద్, సిర్పూర్(యు), కోహీర్ వైపు, లేదా అరకు, లంబసింగి వైపు ఉంటే సంగతి వేరు, అక్కడ 10 డిగ్రీల లోపుకి పడటం మామూలే. హైదరాబాద్‌లో కూడా పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు ఊరి మధ్యలో కంటే చలి బాగా ఎక్కువ. ఎక్కడైనా సరే, చలి ఉండేది రోజులో కొన్ని గంటలే కాబట్టి గది మొత్తాన్ని వేడి చేయాలని కూర్చోవద్దు. మన ఇళ్ళు కట్టిందే వేడి బయటికి పోవడానికి: తలుపుల మీద వెంటిలేటర్లు, పల్చటి అద్దాల కిటికీలు, కింద గ్రానైట్. అలాంటి గదిలో హీటర్ పెడితే వీధికి కూడా మీరే కరెంటు కట్టినట్టు. వేడి కావాల్సింది మనిషికి, పడకకి, స్నానం నీళ్ళకి. అంతే.

ముందు బిల్లు సంగతి

తెలంగాణలో ఉన్నవాళ్ళు 200 అనే అంకెని గుర్తుపెట్టుకోవాలి. 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం నెలకి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి 100కి యూనిట్ 3.40, తర్వాతి 100కి 4.80 రూపాయలు (100 లోపే వాడేవాళ్ళకి ఇంకా తక్కువ). 201వ యూనిట్ పడిందంటే ఆ ఒక్క యూనిట్‌కే కాదు, మొదటి 200కి కూడా రేటు మారిపోయి 5.10 అవుతుంది, ఆ పైన 300 దాకా 7.70, తర్వాత 400 దాకా 9 రూపాయలు.

ఇప్పుడు హీటర్ లెక్క చూడండి. 2000 వాట్ల హీటర్ గంట ఆగకుండా నడిస్తే 2 యూనిట్లు. రాత్రి 3 గంటలు వేస్తే 6, నెలకి 180. మామూలుగా 150 యూనిట్లు కాల్చే ఇంట్లో ఎనర్జీ చార్జీ 580 రూపాయలు ఉండాల్సింది, 330 యూనిట్లయ్యి 2,060కి పోతుంది, ఫిక్స్‌డ్ చార్జీలు అవీ వేరే. ఇక గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్న ఇల్లయితే 200 దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే, అంటే సున్నా నుంచి ఒకేసారి 2 వేల పైకి. ఆంధ్రలో ఇలా వెనక్కి తిరిగి రేటు మారదు, ఏ స్లాబు యూనిట్లకి ఆ స్లాబు రేటే. కాకపోతే అక్కడ 226వ యూనిట్ నుంచి 8.75, కాబట్టి హీటర్ నడిచేది ఎక్కువగా ఆ ఖరీదైన స్లాబులోనే.

అందుకని చలి రెండు నెలలూ వారానికోసారి మీటర్ మీద కేడబ్ల్యూహెచ్ అని కనిపించే అంకెని ఫోన్‌లో ఫోటో తీసిపెట్టుకోండి. మీటరు బటన్ నొక్కితే ఒకదాని తర్వాత ఒకటి వేరే అంకెలు కూడా వస్తాయి, వాటితో కంగారు పడొద్దు. పోయిన బిల్లులో ఉన్న రీడింగ్ తీసేస్తే ఎంత వాడారో తెలుస్తుంది. 20 రోజులకే 150 దాటిందంటే మిగతా రోజులు జాగ్రత్త పడాలి.

అసలు కరెంటు పోయేది స్నానానికి

హీటర్ గురించే అందరి టెన్షన్ గానీ, చాలా ఇళ్ళలో చలికాలం బిల్లు పెంచేది గీజర్. 15 లీటర్ల నీళ్ళని 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి దాదాపు 0.7 యూనిట్ పడుతుంది. నలుగురున్న ఇంట్లో మనిషికో ట్యాంకు చొప్పున రోజుకి 2.8, నెలకి 84 యూనిట్లు. ఇందులో సగం దాకా మిగుల్చుకోవచ్చు.

బోరు ఉన్నవాళ్ళకి ఫ్రీగా దొరికే వేడి ఒకటుంది. భూమి లోపలి నీళ్ళకి చలికాలం తెలియదు, మన ప్రాంతంలో ఏడాది పొడుగునా 26 డిగ్రీల చుట్టూనే ఉంటాయి. పొద్దున మోటార్ వేయగానే పంపు కింద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతాయి, చలి గట్టిగా ఉన్న రోజు ఆవిరి కూడా కనిపిస్తుంది. అవే నీళ్ళు రాత్రంతా డాబా మీద ట్యాంకులో ఉంటే పొద్దుటికి 17, 18కి దిగిపోతాయి. 40 డిగ్రీలకి తేవాలంటే ట్యాంకు నీళ్ళని 22, 23 డిగ్రీలు వేడి చేయాలి, అప్పుడే తోడిన బోరు నీళ్ళకి 14 చాలు. దాదాపు 40 శాతం కరెంటు అక్కడే మిగిలింది. అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల రాత్రి పడుకోబోయే ముందు మోటార్ వేసి ట్యాంకు నింపుతారు. ఈ రెండు నెలలు పొద్దున 5:30కి వేయమని వాచ్‌మన్‌కి చెప్పించండి, అసోసియేషన్ వాళ్ళకి పైసా ఖర్చు లేని పని, ఎవరూ కాదనరు. అయ్యప్ప మాల వేసుకుని తెల్లవారుజామునే చన్నీళ్ళ స్నానం చేసే స్వాములకైతే ఇది నిజంగా అయ్యప్ప దయే. కార్పొరేషన్ నీళ్ళకి మాత్రం ఈ లెక్క పనిచేయదు.

ఎండకి కాగే నల్ల ట్యాంకు ఉంటే, సెలవు రోజున పిల్లలకీ పెద్దవాళ్ళకీ మధ్యాహ్నం 2, 3 గంటలకి తలంట్లు పెట్టుకోండి, గీజర్ అవసరమే రాకపోవచ్చు.

గీజర్ థర్మోస్టాట్ తిప్పే అవకాశం ఉంటే 60 నుంచి 50కి తగ్గించండి. ఎవరి స్నానానికి వాళ్ళు వేసి ఆపడం కంటే వరసగా అందరూ ఒకరి తర్వాత ఒకరు కానిచ్చేస్తే మేలు, మధ్యలో నీళ్ళు చల్లారవు. ఆన్ చేసి మర్చిపోయే అలవాటు ఇంట్లో ఒకరికైనా ఉంటుంది, వాళ్ళ కోసం గీజర్ స్విచ్ పక్కనే ఫోన్ చార్జర్ పెట్టిస్తే స్విచ్ కంట పడుతుంది. బోరు నీళ్ళకి గీజర్ లోపల కాయిల్ మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, దాంతో నీళ్ళు లేటుగా కాగుతాయి. చలి మొదలయ్యే ముందే మెకానిక్‌ని పిలిచి శుభ్రం చేయిస్తే మంచిది.

వాటర్ హీటర్ రాడ్ వాడేవాళ్ళకి కరెంటు పరంగా నష్టమేమీ లేదు, 20 లీటర్ల బకెట్ అర యూనిట్‌తో అయిపోతుంది. ప్రాణం పరంగా మాత్రం జాగ్రత్త. రాడ్ నీళ్ళలో గుర్తు దాకా మునిగాకే స్విచ్ వేయాలి, స్విచ్ ఆపి ప్లగ్ కూడా పీకాకే నీళ్ళు ముట్టుకోవాలి. కాగాయో లేదో చూద్దామని స్విచ్ ఆన్‌లో ఉండగా వేలు పెట్టడం వల్లే ఏటా ఎక్కడో ఒకచోట ప్రాణాలు పోతున్నాయి. స్టీలు బకెట్ వద్దు, ప్లాస్టిక్ బకెట్ మీద అడ్డంగా కర్ర పెట్టి, అంచుకి తగలకుండా రాడ్ వేలాడదీయండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ బాత్రూమ్‌కి బయట గడియ పెట్టాల్సిందే.

ఇల్లు: ఎండని రానివ్వడం, చలిగాలిని ఆపడం

చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. హైదరాబాద్‌లో డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా ఆకాశంలో సగం ఎత్తులోనే కనిపిస్తాడు, అందుకే వేసవిలో ఎండ రాని దక్షిణం కిటికీలోంచి ఇప్పుడు గది మధ్య దాకా వస్తుంది. పొద్దున 9 నుంచి 4 దాకా దక్షిణం, పడమర కర్టెన్లు పూర్తిగా తీసిపెట్టండి, సాయంత్రం 5 కల్లా కిటికీలన్నీ మూసి కర్టెన్లు వేసేయండి. ఆ టైముకి మూస్తే దోమలు కూడా రావు, చీకటి పడ్డాక మూస్తే లోపలికి వచ్చిన దోమల్ని మనమే తాళం వేసి పెట్టుకున్నట్టవుతుంది.

గాలి ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవడానికి అగరుబత్తి వెలిగించి తలుపు కింద, కిటికీ అంచుల్లో మెల్లగా తిప్పండి. పొగ పక్కకి కొట్టుకుపోయిన చోటే సందు. తలుపు కింద అయితే పాత చీర చుట్టగా చుట్టి అడ్డం పెట్టండి, స్లైడింగ్ కిటికీలకి హార్డ్‌వేర్ షాపులో దొరికే ఫోమ్ టేప్ అంటించండి. వెంటిలేటర్‌కి అట్టముక్క కోసి బిగించవచ్చు, కానీ అన్నీ మూయకండి, పడుకునే గదిలో ఒక్కటైనా కొంచెం తెరిచి ఉండాలి. వంటింట్లో, బాత్రూమ్‌లో అసలు ముట్టుకోవద్దు.

నేల చల్లదనానికి జంపఖానా పరిచినా సరే, చాప పరిచినా సరే. పై అంతస్తు వాళ్ళకి స్లాబు రాత్రంతా ఆకాశంలోకి వేడి వదిలేస్తుంది కాబట్టి చలి ఎక్కువ, దానికి పెద్దగా చేయగలిగింది లేదు, పడుకునే గది కింద అంతస్తుకి మార్చుకోగలిగితే మార్చుకోండి.

పడక

చాలామంది పైన రెండు రగ్గులు కప్పుకుంటారు, కింద మాత్రం ఒక పల్చటి దుప్పటి. నవారు మంచం, నులక మంచం మీద పడుకునేవాళ్ళకి చలి కింద నుంచే వస్తుంది. అందుకని ఉన్న బొంతల్లో మందమైనది కింద పరవండి. పైన ఒంటికి తగిలేలా నూలు దుప్పటి, దాని మీద బొంత లేదా రగ్గు. ఒక్క మందపాటి దానికంటే పల్చటివి రెండు మూడు మేలు, పొరల మధ్య ఉన్న గాలే వెచ్చదనం. ఊళ్ళో అటక మీద గొర్రెబొచ్చు గొంగడి ఉంటే దించండి, గుచ్చుకుంటుందని పక్కన పడేసినది దుప్పటి మీద కప్పుకుంటే ఏ షాపు బ్లాంకెట్టూ దాని ముందు నిలవదు. మధ్యాహ్నం పడకబట్టలు డాబా మీద ఎండకి వేసి 4 లోపు తెచ్చేయండి, ఆలస్యమైతే మళ్ళీ చెమ్మ పడుతుంది.

వేడినీళ్ళ రబ్బరు సంచి మెడికల్ షాపులో దొరుకుతుంది. లీటరున్నర నీళ్ళు కాచడానికి దాదాపు 0.1 యూనిట్ చాలు, పడుకునే ముందు పాదాల దగ్గర దుప్పట్లో పెడితే అర్ధరాత్రి దాకా వెచ్చగా ఉంటుంది. సలసల మరిగే నీళ్ళు పోయకండి, సంచిలో గాలి పోయేలా నొక్కి మూత బిగించండి, పైన టవల్ చుట్టండి. షుగర్ వల్ల కాళ్ళకి స్పర్శ తగ్గినవాళ్ళకీ, పసిపిల్లలకీ మాత్రం పడుకునే ముందే తీసేయాలి, కాలినా వాళ్ళకి తెలియదు, లేదా చెప్పలేరు. ఎలక్ట్రిక్ బ్లాంకెట్ 100 వాట్లదైతే 8 గంటలకి 0.8 యూనిట్, హీటర్ అరగంటలో అంతకంటే ఎక్కువ తింటుంది. మడతపెట్టి మాత్రం వాడకూడదు.

సాక్సులు, మంకీ క్యాప్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

అయినా హీటర్ కావాల్సిందే అంటే

పసిబిడ్డ ఉన్న ఇల్లు, ఆస్తమా ఉన్న పెద్దవాళ్ళు, ఆదిలాబాద్ చలి, ఇలాంటప్పుడు కొనాల్సిందే. కొనేటప్పుడు 'కరెంటు తక్కువ తింటుంది' అనే మాట నమ్మకండి. రాడ్‌ది అయినా, బ్లోయర్ అయినా, ఆయిల్‌ది అయినా ఒక యూనిట్ కరెంటుకి వచ్చే వేడి ఒకటే. తేడా అంతా ఎలా ఇస్తుందన్న దాంట్లోనే. 800 వాట్ల క్వార్ట్జ్ హీటర్ ఎదురుగా కూర్చున్న మనిషికి వెంటనే తగులుతుంది, చదువుకునే పిల్లల కాళ్ళ దగ్గరికి అదే చాలు. బ్లోయర్ చిన్న గదిని పది నిమిషాల్లో వేడి చేస్తుంది, ఆపగానే అయిపోతుంది. ఆయిల్ హీటర్ ఖరీదెక్కువ, వేడెక్కడానికి అరగంట తీసుకుంటుంది, కానీ చప్పుడు లేదు, థర్మోస్టాట్ తనే ఆపి వేస్తుంది కాబట్టి తలుపులు మూసిన పడకగదికి అదే నయం. ఒక యూనిట్‌కి మూడు యూనిట్లంత వేడి ఇచ్చేది 'హాట్ అండ్ కోల్డ్' ఇన్వర్టర్ ఏసీ ఒక్కటే. ఎలాగూ ఏసీ కొనబోతుంటే ఆలోచించండి గానీ, హైదరాబాద్ చలి కోసం ప్రత్యేకంగా అంత డబ్బు పెట్టడం దండగ అని నా అభిప్రాయం.

2000 వాట్ల హీటర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ చార్జర్ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్టుకీ, ఎక్స్‌టెన్షన్ బాక్సుకీ అది తగదు, గీజర్‌కి వాడేలాంటి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గే కావాలి. అరగంట నడిచాక స్విచ్ ఆపి ప్లగ్గు ముట్టుకుని చూడండి, వేడిగా ఉందంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచేదాకా మళ్ళీ వేయకండి. దుప్పట్లు, కర్టెన్లకి మూడడుగుల దూరం ఉండాలి, దాని మీద తడిబట్టలు ఆరేయడం అసలు వద్దు. పడుకోబోయే ముందు గంట వేసి, నిద్రపట్టే ముందు ఆపేస్తే రోజుకి 2 యూనిట్లతో సరిపోతుంది. కరెంటు హీటర్ గదిలో ఆక్సిజన్ తినేస్తుందని అంటారు, అది నిజం కాదు, మంట లేనిచోట ఆక్సిజన్ ఎందుకు కాలుతుంది? గాలి పొడిగా అనిపిస్తుంది, అంతే.

కుంపటి, గ్యాస్ గీజర్

ఆక్సిజన్ తినేవి ఇవీ. బొగ్గుల కుంపటి మూసిన గదిలో పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, చాలాసార్లు ఊపిరాడనట్టు కూడా అనిపించదు, నిద్రలో ఉన్నవాళ్ళకైతే ఏమీ తెలియకుండానే మత్తు కమ్ముతుంది. నిప్పులు ఎర్రగా, పొగ లేకుండా ఉంటే పర్వాలేదనుకోవడమే పెద్ద పొరపాటు, ఆ నిప్పుల నుంచే అది వస్తుంది. చలి కాచుకోవాలంటే వాకిట్లో కాచుకుని, కుంపటి బయటే వదిలి లోపలికి రండి. గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపల ఉంటే ఈ సీజన్ మొదలవకముందే బయట గోడకి మార్పించి, పైపు మాత్రమే లోపలికి తెప్పించండి. చలికి వెంటిలేటర్ మూసేసి స్నానం చేసేది ఇప్పుడే కాబట్టి ప్రమాదం కూడా ఇప్పుడే ఎక్కువ.

స్నానం చేస్తూనో, కుంపటి ఉన్న గదిలోనో ఒకరికి తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం మొదలైతే తలుపులు బార్లా తీసి అందరూ బయటికి రండి, 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో గదిలో ఏం వెలిగించారో ముందే చెప్పండి, ఎందుకంటే వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఈ విషవాయువుని పట్టుకోలేదు, 98 అనే చూపించవచ్చు.