తెరోంగ్ బాకర్ బలాడో: ఎక్కడ చెడుతోంది, ఎలా సరిచేయాలి

ఇండోనేషియాలో పశ్చిమ సుమత్రాకి చెందిన మినాంగ్‌కబావ్ వాళ్ల భాషలో లాడో అంటే మిరపకాయ, బలాడో అంటే మిరపకాయ వేసి చేసింది. తెరోంగ్ అంటే వంకాయ, బాకర్ అంటే కాల్చినది. మామూలుగా బలాడోకి వంకాయను నూనెలో వేయిస్తారు, కాలిస్తే నూనె తగ్గుతుంది, పొగ వాసన అదనంగా వస్తుంది. 2 పొడుగు వంకాయలు, 8 పండుమిరపకాయలు, 6 చిన్న ఉల్లిపాయలు, 3 వెల్లుల్లి రెబ్బలు, ఒక టమాటా, ముఖ్యమైన సరుకంతా ఇంతే. వంకాయ పచ్చడి చేసే చేతులకి ఇదో లెక్కా అనుకున్నాను, సరిగ్గా అక్కడే పప్పులో కాలేశాను.

వంకాయ ముద్దయిపోతోందా? పచ్చడికి కాల్చినట్టు కాయ మొత్తాన్ని మంట మీద పెట్టుంటారు, లోపల ఆవిరికి గుజ్జంతా ఉడికిపోతుంది. ఇక్కడ ముక్క నిలబడాలి. తొడిమ ఉంచి నిలువుగా రెండు చేసి, తొక్క తెగకుండా గుజ్జు మీద అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టి, ఉప్పు రాసి 15 నిమిషాలు వదిలేయండి. గాట్లలో చెమట పట్టినట్టు నీటి బొట్లు కనిపిస్తాయి, గుడ్డతో అద్దేసి పైన పల్చగా నూనె పూసి, వేడెక్కిన మందపాటి పెనం మీద కోసిన వైపు కిందికి బోర్లించండి. 5 నిమిషాలు కదపొద్దు. తర్వాత తిరగేసి ఇంకో 4 నిమిషాలు.

నూనె ఎంత పోసినా పీల్చేస్తోందంటే ఉప్పు రాయడం మానేశారన్నమాట. వంకాయ లోపల స్పాంజిలా గాలి ఉంటుంది, ఉప్పుకి నీరు వదిలి కాస్త కుంగితే అంత తాగదు. పైన మాడి తొడిమ దగ్గర పచ్చిగా ఉంటే మంట ఎక్కువైంది, తగ్గించి 3 నిమిషాలు మూత పెట్టండి, చాలు.

అసలు తలనొప్పి సాంబల్‌తోనే, అంటే మిరపకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి, టమాటా కలిపి నూరే ఆ ముద్దతో. పచ్చివాసన వస్తోంది, నీళ్లు నీళ్లగా ఉంది అంటే మిక్సీలో నీళ్లు పోసి మెత్తగా తిప్పి ఉంటారు, పొయ్యి మీద నుంచి తొందరగా దించి కూడా ఉంటారు. అక్కడ చోబెక్ అనే పల్చటి రాతి పళ్లెంలో బరకగా నూరుతారు. మన రోలు ఉంటే సరే, లేకపోతే మిక్సీని ఆపి ఆపి తిప్పండి, నీటి చుక్క వద్దు. 4 చెంచాల నూనెలో సన్న మంట మీద 10-12 నిమిషాలు వేయించాలి. మొదట చిటపటలాడుతుంది, నీరు ఇగిరాక ఆ చప్పుడు తగ్గి చిన్న చిన్న బుడగలు వస్తాయి, రంగు ముదిరి అంచుల్లో నూనె తేలుతుంది. అప్పుడు ఉప్పు, అర చెంచా చక్కెర వేసి, నిమ్మరసం మాత్రం దించాక పిండండి.

చేదుగా వస్తే ముదురు గింజల వంకాయైనా అయ్యుండాలి, వెల్లుల్లి మాడైనా ఉండాలి. మాడిన చేదు చక్కెరకి లొంగదు, సాంబల్ మళ్లీ చేసుకోవడమే.

కారం నషాళానికి అంటుతోందా? మరి గుంటూరు మిరప వేస్తే అంటదా! వాళ్ల ముడతల మిరపకాయ పొడుగ్గా ఉంటుంది, కారం అంత భయంకరంగా ఉండదు. బ్యాడిగి మిరపకాయలు గింజలు దులిపి వేడినీళ్లలో నానబెట్టి వాడండి, రంగు కూడా బాగుంటుంది.

అన్నీ కుదిరినా ఏదో వెలితిగా ఉంటే నిమ్మజాతి ఆకు పడలేదని అర్థం. వాళ్లు మక్రూట్ నిమ్మాకు వేస్తారు, దొరక్కపోతే మజ్జిగలో వేసుకునే మన దబ్బాకు ఒకటి చింపి వేయండి, అదే వాసన కాదు గానీ బాగానే నప్పుతుంది. కొందరు తెరాసి అనే రొయ్యల ముద్ద కూడా కలుపుతారు, శాకాహారులు వదిలేయొచ్చు.

సాంబల్ గంట ముందే పూసి పెడితే కాలిన అంచులన్నీ మెత్తబడిపోతాయి, కంచంలో వేడన్నం పడ్డాకే పూయండి.