గని చుట్టూ వాగులు, డ్యాముల్లో నీటి పరీక్ష: రీడింగ్ తేడా కొట్టినప్పుడు (సమస్య - పరిష్కారం)

గని దిగువన వాగులో రీడింగ్ ఉన్నట్టుండి మారితే సాధారణంగా రెండు తప్పులు జరుగుతాయి. "మీటర్ పాడైనట్టుంది" అని ఆ అంకెను కొట్టేయడం ఒకటి. గని నుంచి విషం పారుతోందని అప్పటికప్పుడు తేల్చేయడం రెండోది. ఆ నీళ్లు తాగే మనుషులు, గొడ్లు దిగువన ఉన్నారు కాబట్టి రెండూ ప్రమాదమే. నేను పాటించే వరుస ఇది: ముందు మీటర్, తర్వాత శాంపిల్ తీసిన తీరు, తర్వాత వానా ఎండా, ఆఖరున గని. ఏ దశలోనూ మొదటి అంకెను నోట్‌బుక్‌లోంచి చెరపొద్దు. పక్కన కారణం రాయండి, చాలు.

పీహెచ్ (నీటి పులుపు కొలత; 7 కంటే తగ్గితే ఆమ్లం) రీడింగ్ ఒక చోట నిలవడం లేదు

ఎక్కువసార్లు ఎలక్ట్రోడ్ ఎండిపోయి ఉంటుంది, లేదా దాన్ని ఎవరో డిస్టిల్డ్ వాటర్‌లో పెట్టి ఉంటారు. డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచితే లోపలి ఉప్పు బయటికి పోతుంది. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో కొన్ని గంటలు నానబెట్టి, 4, 7, 10 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) కాలిబ్రేట్ చేయండి. స్లోప్ (ఎలక్ట్రోడ్ ఎంత బాగా స్పందిస్తోందో చెప్పే అంకె) 95 నుంచి 105 శాతం మధ్య ఉంటే మంచిదే. 90 కిందకి పడిపోయి, శుభ్రం చేశాక కూడా లేవకపోతే ఎలక్ట్రోడ్ మార్చాల్సిందే. 10 బఫర్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని దిగజారుతుంది, అందుకే ప్రతిసారీ కొత్తది పోసుకోండి. ఉప్పు తక్కువ ఉన్న వాననీటి వాగుల్లో మంచి ఎలక్ట్రోడ్ కూడా నిలవడానికి చాలా నిమిషాలు తీసుకుంటుంది. అక్కడ కావాల్సింది ఓపిక.

వాగు దగ్గర పీహెచ్ 6.5, ల్యాబ్ రిపోర్టులో 3.5

ఇక్కడ ల్యాబ్‌ను తిట్టే ముందు సీసాను వెలుతురుకు పట్టి చూడండి. తీసినప్పుడు తేటగా ఉన్న నీళ్లు ఇప్పుడు లేత నారింజ రంగుకు తిరిగి, అడుగున తుప్పు రంగు మడ్డి పేరుకుని ఉంటుంది. సీసా కదిపితే ఆ మడ్డి పొగలా లేస్తుంది. అలా ఉంటే రెండు రీడింగులూ నిజమే. ఊట నీటిలో కరిగి ఉన్న ఫెర్రస్ ఇనుము గాలి తగిలి ఫెర్రిక్‌గా మారి, మడ్డిగా దిగుతూ ఆమ్లాన్ని విడుదల చేసింది. సీసాలో జరిగిందే వాగులో ఇంకాస్త కిందికి వెళ్లాక జరుగుతుంది.

పరిష్కారం: ఒక్క పీహెచ్‌తో సరిపెట్టుకోవద్దు. ఆల్కలినిటీ (ఆమ్లాన్ని విరిచే శక్తి), కరిగిన ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి కాచి చేసే ఎసిడిటీ పరీక్ష అడగండి. ఎసిడిటీ ఆల్కలినిటీని దాటితే ఆ నీళ్లు ఇవాళ మామూలుగా కనిపించినా రేపు పులుస్తాయి. ల్యాబ్‌లో పీహెచ్ పెరిగిందంటే మాత్రం సాధారణంగా ఊట నీటిలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోయి ఉంటుంది. అందుకే పీహెచ్ ఎప్పుడూ గట్టు మీదే కొలవాలి.

పీహెచ్ బాగానే ఉంది, సల్ఫేట్ మాత్రం నెలనెలా పెరుగుతోంది

నాకు అన్నిటికంటే టెన్షన్ పుట్టించేది ఇదే. పీహెచ్ చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. గని తవ్వి పోసిన రాళ్ల గుట్టల్లోని పైరైట్ (ఇనుము, గంధకం ఉన్న ఖనిజం) గాలి, నీరు తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లమవుతుంటే, పక్కనే ఉన్న సున్నపురాయి లాంటి ఖనిజాలు దాన్ని విరిచేస్తుంటాయి. అవి అయిపోయేదాకా పీహెచ్ కదలదు. సల్ఫేట్ మాత్రం మొదటి రోజు నుంచే బయటపడుతుంది, దాంతోపాటు కాల్షియం, మెగ్నీషియం పెరుగుతాయి.

అయితే ఎండకు నీళ్లు ఆవిరైపోయినా సల్ఫేట్ పెరుగుతుంది. తేల్చుకోవడానికి క్లోరైడ్ పక్కన పెట్టి చూడండి. సల్ఫేట్ 60, క్లోరైడ్ 30 ఉన్న చోట 120, 60 అయ్యాయంటే నిష్పత్తి మారలేదు, అది ఎండ పని. సల్ఫేట్ 120కి వెళ్లి క్లోరైడ్ 30 దగ్గరే ఉండిపోతే కొత్త సల్ఫేట్ ఎక్కడి నుంచో వస్తోంది. గనికి ఎగువన ఉన్న పాయింట్‌లో మార్పు లేకపోతే అనుమానం ఇంకా బలపడుతుంది.

అప్పుడు ఈసీ మీటర్ (కరిగిన ఉప్పులను బట్టి నీటి విద్యుత్ వాహకత కొలిచేది) పట్టుకుని దిగువ నుంచి ఎగువకు నడవండి. యాభై అడుగులకోసారి ముంచండి. రీడింగ్ ఒక్కసారిగా పడిపోయిన చోటుకి కాస్త వెనకే ఊట కలుస్తోంది. మైక్రోసీమెన్స్, మిల్లీసీమెన్స్ యూనిట్ మారిందేమో చూసుకోండి, కొన్ని మీటర్లు వాటంతట అవే మార్చేస్తాయి. ఊట దొరికాక దాన్ని పట్టి శుద్ధికి మళ్లించడం, గుట్ట మీదికి వాననీరు చేరకుండా పైన కాలువ తవ్వడం, గుట్టను మట్టితో కప్పడం గని వాళ్లు చేయాల్సిన పని. మీ దగ్గరున్న నెలల అంకెలే వాళ్లను కదిలిస్తాయి.

తొలి వానకు అన్నీ ఒకేసారి పెరిగాయి

ఎండాకాలమంతా గుట్టల మీద పేరుకున్న తెల్లటి, పసుపు ఉప్పుపొర తొలి వానకు కరిగి వస్తుంది. నెలకోసారి తీసే శాంపిల్‌కు ఇది దొరకదు, కాబట్టి నీటిమట్టం లేవగానే దానంతట అదే శాంపిల్ తీసే పరికరం పెట్టాలి. ప్రవాహం కూడా కొలవండి. సెకనుకు 10 లీటర్లు పారే వాగులో సల్ఫేట్ లీటరుకు 200 మిల్లీగ్రాములుంటే రోజుకు దాదాపు 173 కిలోలు పోతున్నట్టు. వానలో సెకనుకు 200 లీటర్లు పారుతూ 50 మిల్లీగ్రాములకు తగ్గితే "బాగుపడింది" అనిపిస్తుంది, కానీ పోయేది 864 కిలోలు. అదంతా దిగువ డ్యామ్‌లో చేరుతుంది.

టోటల్ జింక్ కంటే కరిగిన జింక్ ఎక్కువ వచ్చింది

కరిగినది మొత్తంలో ఒక భాగమే కాబట్టి ఇది అసాధ్యం. స్వల్ప తేడా అయితే పరీక్షలో సహజం. పెద్దదైతే సీసాలు తారుమారయ్యాయా, వడకట్టకముందే నైట్రిక్ ఆమ్లం పోశారా అని చూడండి. ముందు 0.45 మైక్రాన్ ఫిల్టర్, తర్వాతే ఆమ్లం. తలకిందులు చేస్తే మట్టికి అంటుకున్న లోహం కూడా కరిగిపోతుంది.

ఒకసారి నేను తీసిన ఫీల్డ్ బ్లాంక్‌లోనే (శాంపిల్ తీసేచోట శుద్ధ నీటితో నింపే సీసా) జింక్ వచ్చింది. ల్యాబ్ వాళ్లిచ్చిన శుద్ధ నీటిలో జింక్ ఎక్కడిది? చివరికి తేలింది, మొహానికి పూసుకున్న సన్‌స్క్రీన్. అందులో జింక్ ఆక్సైడ్ ఉంది, ఆ చేత్తోనే మూత తిప్పాను. ఆ రోజు శాంపిళ్లన్నీ మళ్లీ తీయాల్సి వచ్చింది. పౌడర్ లేని నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, ప్రతి ట్రిప్పులో ఒక బ్లాంక్, ఒక డూప్లికేట్ (అదే చోట తీసిన రెండో సీసా) తప్పనిసరి.

నైట్రేట్ నాలుగింతలు పెరిగింది

ముందు యూనిట్. ఒక ల్యాబ్ నైట్రేట్‌గా, ఇంకొకటి నైట్రోజన్‌గా రాస్తుంది, మధ్య తేడా 4.43 రెట్లు. యూనిట్ సరే అనుకుంటే బ్లాస్టింగ్ రికార్డు చూడండి. పేలుడుకు వాడే ఆన్ఫోలో దాదాపు 94 శాతం అమ్మోనియం నైట్రేటే, తడి రంధ్రాల్లో అది నీటిలో కరిగిపోతుంది. తడి రంధ్రాలకు ఎమల్షన్ వాడటం, ఒలికింది ఎత్తేయడమే మందు.

డ్యామ్ పైన బాగుంది, అడుగున మాంగనీస్

ఎండాకాలంలో నీళ్లు పొరలుగా విడిపోయి అడుగున ఆక్సిజన్ అయిపోతుంది. మడ్డిలోని మాంగనీస్, ఇనుము కరుగుతాయి. చల్లబడ్డాక పొరలు కలిసిపోయి అదంతా పైకొస్తుంది. ప్రతి మీటరు లోతుకీ ఉష్ణోగ్రత, ఆక్సిజన్ కొలవండి, గట్టు పక్కన ముంచిన సీసాతో డ్యామ్ సంగతి తెలియదు.

నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఒక్క పురుగూ లేదు

తేటగా ఉంటే మంచి నీళ్లనుకోవద్దు. పీహెచ్ 4.5 కంటే తగ్గితే అల్యూమినియం కరిగి ఉంటుంది, మంచి నీటి పాయ కలిసే చోట తెల్లటి పొరగా రాళ్లకు పడుతుంది. ఆ కలిసే చోటే చేపల మొప్పలకు ఎక్కువ హాని. అక్కడ పీహెచ్ కొలిచి, ఫొటో తీసి, లోహాల పరీక్షకు శాంపిల్ పంపండి. ల్యాబ్ రిపోర్ట్ వచ్చేదాకా ఆగకుండా, దిగువన ఆ నీళ్లు వాడేవాళ్లకు ఆ గంటలోనే చెప్పండి.