ఎముక ఆపరేషన్ తర్వాత కిడ్నీని కనిపెట్టుకుని ఉండటం ఎలా?

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడకు రెండో రోజు ఉదయం రక్తపరీక్షలో క్రియాటినిన్ (కండల్లో తయారై, కిడ్నీలు బయటకు పంపే వ్యర్థం) 1.0 వచ్చింది. ల్యాబ్ లెక్కలో అది నార్మల్. ఫైల్ వెనక్కి తిప్పితే ఆపరేషన్‌కు ముందు 0.6 అని ఉంది. అసలు సంగతి ఆ 0.4 తేడాలోనే ఉంది. 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలో పాత అంకెకు ఒకటిన్నర రెట్లు అయినా కిడ్నీకి దెబ్బ తగిలినట్టే లెక్క. వయసు మళ్లినవాళ్లకు, బక్కపలచటివాళ్లకు కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ మొదటి నుంచీ తక్కువే ఉంటుంది. వాళ్ల విషయంలో 'నార్మల్' అన్న మాటను నేను నమ్మను.

నేను ఆర్థో వార్డులో నర్సుని. కొత్తగా చేరినవాళ్లకు, మంచం పక్కన ఉండే ఇంటివాళ్లకు మొదట చెప్పేది ఇదే: ఆపరేషన్‌కు ముందటి అంకెను పెద్దగా రాసి పెట్టుకోండి. తర్వాతి ప్రతి రిపోర్టునూ దాంతోనే పోల్చండి.

క్రియాటినిన్ పెరిగి కనబడేసరికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. మూత్రం చాలాసార్లు అంతకంటే ముందే తగ్గుతుంది. కిలో బరువుకు గంటకు కనీసం అర మిల్లీలీటరు రావాలి. ఆవిడ 50 కిలోలు, అంటే ఆరు గంటలకు 150. ఆ రాత్రి వచ్చింది 110. ట్యూబ్‌కు తగిలించిన మూత్రం సంచిని చూస్తే మాత్రం నిండుగానే ఉంది, సాయంత్రం వచ్చిందంతా అందులోనే ఉంది మరి! అందుకే డ్యూటీ ఎక్కగానే సంచి ఖాళీ చేసి టైమ్ రాయండి. ఆరు గంటల తర్వాత కొలిచే జాడీలో పోసి, కంటికి సమానంగా పెట్టి చదవండి. సంచి మీది గీతలు అంచనాకే పనికొస్తాయి.

తక్కువ వస్తే ముందు ట్యూబ్ మడత పడిందేమో, కాలి కింద నలిగిందేమో చూడండి. ట్యూబ్ లేకపోతే పొత్తికడుపు ఉబ్బిందేమో చూడాలి. వెన్నులో మత్తు ఇచ్చాక మూత్రం లోపలే ఆగిపోవడం మామూలే.

తర్వాత మందుల చార్ట్. నొప్పికి డైక్లోఫెనాక్, బీపీకి టెల్మిసార్టన్, నీరు పోవడానికి ఫ్యూరోసిమైడ్ మూడూ కలిస్తే కిడ్నీకి ముప్పు, అలా కనిపిస్తే ఆలస్యం చేయకండి. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఉంటే మరీ జాగ్రత్త. అలాగని మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు, డాక్టర్‌కు ఫోన్ చేయండి. 'మూత్రం కొంచెం తక్కువగా ఉంది' అనకండి. పాత క్రియాటినిన్, ఇప్పటిది, బరువు, ఆరు గంటల మూత్రం, బీపీ, నడుస్తున్న మందులు, ఈ వరుసలో చెప్పండి. కండలు నలిగిన దెబ్బల్లో మూత్రం డికాక్షన్ రంగులో వస్తే ఆరు గంటలు కాదు, ఆరు నిమిషాలు కూడా ఆగొద్దు.

ఆవిడకు డాక్టర్ డైక్లోఫెనాక్, టెల్మిసార్టన్ ఆపించి సెలైన్ పెట్టించారు. నాలుగో రోజుకు 0.7కి దిగింది. ఇంటికి వెళ్లేటప్పుడు ఆవిడ కూతురి చేత చీటీ మీద రెండు మాటలు రాయించాను: నొప్పి మాత్రలు అడగకుండా కొనొద్దు, వారంలో మళ్లీ క్రియాటినిన్ చూపించాలి.