జాకెట్ల పీలికలతో కాగితం

నేను జాకెట్లు కుడతాను. కటింగ్ బల్ల కింద పోగయ్యే నూలు పీలికలను చెత్తబండిలో వేయడానికి నాకు మనసొప్పదు. దూదిలో 90 శాతం పైగా సెల్యులోజే. కాగితానికి కావలసిందీ అదే. జైపూర్ పక్కన సాంగానేర్‌లో బనియన్ల ఫ్యాక్టరీల కత్తిరింపులతో చేతికాగితం చేస్తారు. అంత పెద్ద యంత్రాలు లేకపోయినా ఇంట్లో కొద్దికొద్దిగా చేసుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం ఏరడం. కాటన్ అని చెప్పి అమ్మినా నమ్మకండి. పడుగులో (నిలువు దారాల్లో) ఒక పోగు, పేకలో (అడ్డ దారాల్లో) ఒక పోగు విడిగా లాగి, స్టీలు పళ్లెంలో పెట్టి అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి చివర గట్టిగా ఉండకడుతుంది. రబ్బరులా సాగే గుడ్డలో చాలావరకు లైక్రా అనే కృత్రిమ పోగు ఉంటుంది, అది వద్దు. జరీ, హుక్కులు తీసేయండి. కుట్టు ఉన్న అంచులు కూడా కోసేయాలి, ఎందుకంటే కుట్టుదారం ఎక్కువగా పాలిస్టరే.

ఏరిన గుడ్డను గోరంత ముక్కలుగా కత్తిరించండి. పొడుగు పీలికలు మిక్సీ బ్లేడుకు చుట్టుకుని మోటారు కాలిపోతుంది. రాత్రంతా నానబెట్టి, పావుకిలోకు మూడు చెంచాల బట్టల సోడా వేసి రెండు గంటలు ఉడికించండి. గిన్నె స్టీలుదే వాడాలి, అల్యూమినియాన్ని సోడా తినేస్తుంది. తర్వాత నీళ్లలో జారుడు పోయేదాకా కడగండి.

ఇక దంచడం. ఇక్కడ ఓపిక పట్టినవాళ్లకే మంచి కాగితం వస్తుంది. నలిగిన పోగుల మీద సన్నని నూగు లేస్తుంది, ఆరేటప్పుడు ఆ నూగే ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. జిగురు అక్కర్లేదు. మిక్సీ పోగును కోస్తుందే తప్ప సరిగా నలపదు. అందుకే నేను ముందు రోట్లో రోకలితో బాగా దంచి, ఆ తర్వాతే మిక్సీలో వేస్తాను. జారుకు ముప్పావు వంతు నీళ్లు, గుప్పెడు కంటే తక్కువ గుడ్డ, ఆపి ఆపి తిప్పడం. గ్లాసు నీళ్లలో చిటికెడు గుజ్జు కలిపి వెలుతురుకు పట్టి చూడండి. దారాలు, ఉండలు కనిపిస్తే మళ్లీ దంచాల్సిందే. మొదటిసారి చేసేవాళ్లు మూడో వంతు నానబెట్టిన పాత నోటుబుక్కు కాగితం కలిపితే తేలిగ్గా అతుక్కుంటుంది.

చెక్క ఫ్రేముకు దోమల జాలీ బిగించి, పైన అదే కొలత ఖాళీ ఫ్రేము పెట్టండి. టబ్బులో గుజ్జును బాగా కలిపి, ఫ్రేమును ఏటవాలుగా ముంచి, సమంగా పైకెత్తి, అటూ ఇటూ ఊపండి. నీళ్లు కారాక పై ఫ్రేము తీసి, తడి నూలుగుడ్డ మీద బోర్లించండి. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చి, పలక వేసి, బరువు పెట్టండి. నీళ్లు దిగాక గుడ్డతో సహా నీడలో ఆరేయండి. ఎండలో అంచులు చుట్టుకుపోతాయి.

పెన్నుతో రాయాలంటే పలుచని గంజి పూసి మళ్లీ ఆరబెట్టాలి, లేకపోతే సిరా పాకుతుంది. రంగు వేరే కొనక్కర్లేదు. ఎర్ర పీలికలన్నీ ఒకేసారి వేస్తే గులాబీ రంగు కాగితం వస్తుంది.

మిగిలిన గుజ్జును మోరీలో పోయకండి, పైపులు పూడుకుపోతాయి. నీళ్లు పిండేసి, ఉండలు చేసి ఎండబెట్టుకుంటే మళ్లీ నానబెట్టి వాడుకోవచ్చు.